‘పో’ అనలేని మరియకుమారి

మరియకుమారి ఎవరితోనైనా ‘అండి’ లేకుండా మాట్లాడగా విన్నవాళ్ళు లేరు. నరసాపురం దగ్గర లంక ఊళ్ళో పుట్టిన మనిషి. డాక్టర్ని అండి అంటుంది, అది సరే. నేల తుడిచే కుర్రాణ్ణి కూడా అంటుంది. ఇంజెక్షనుకి గుక్కపట్టిన పసివాణ్ణి పట్టుకుని, “అయిపోయిందండి, చీమ కుట్టిందంతేనండి” అని ఓదారుస్తుంది. వార్డులో మాట్లాడే ఇంగ్లీషుకీ, దుబాయ్ వచ్చాక నేర్చుకున్న నాలుగు అరబ్బీ ముక్కలకీ దాన్నే తగిలించింది. పని పూర్తయితే “ఖలాసండి,” తొందరపెట్టాలంటే “యల్లా అండి.” మొదట్లో అరబ్బులు ఇదేదో మందు పేరనుకున్నారని అంబులెన్సు డ్రైవరు రత్నబాబు చెబుతాడు. రత్నబాబుది పాలకొల్లు. ఏ సంగతికైనా ఇంత ఉప్పూకారం అద్దకుండా వడ్డించడు గనక, అందులో నిజమెంతో చెప్పలేం.

పేరుకి దుబాయే గాని, ఆమె ఉండేది అబుదాబి శివార్లలోని బనియాస్‌లో. అక్కడొక చిన్న ప్రైవేటు క్లినిక్‌లో నర్సు. కింద ఓపీ, పైన కొన్ని పడకలు, వెనకాల అంబులెన్సు నిలిపే రేకుల షెడ్డు. పై వార్డులో నర్సులు ముప్పాతిక మంది ఫిలిప్పీన్స్ వాళ్ళు. ఆమె ఫ్లాట్‌లో ఉండేదీ వాళ్ళే. ఒకావిడ జోసెలిన్, మరియకుమారి ఈడుది, మాట తక్కువ, వంట ఎక్కువ. రెండోది క్రిసెల్, పాతికేళ్ళ పిల్ల. చేతిలో ఫోను లేనప్పుడు ఆ పిల్ల చేతులెలా ఉంటాయో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

కలిసి ఉండటం మొదలుపెట్టిన కొత్తలో క్రిసెల్ ఆమెని “ఆతే” అని పిలిచేది. మరియకుమారి చెవికి అది ‘అత్తే’ అని వినపడేది. భీమవరంలో ఇంటర్ చదివే కొడుకు ఫొటో తన మంచం పక్కనే గోడమీద ఉంది. ఈ పిల్ల దాన్ని చూసిగాని వరస కలపడం లేదు కదా అని కొన్నాళ్ళు ఫొటోని గోడవైపు తిప్పి పెట్టింది. ఆతే అంటే అక్క అని తర్వాత తెలిసింది. రత్నబాబుని వాళ్ళు “కూయా” అనేవారు. అన్నయ్యా అని. ఆ సంగతి ఎవరో చెప్పేదాకా అతను ఒకటే బాధపడ్డాడు.

“నేనింకా నోరే ఇప్పలేదు గదక్కా. అప్పుడే కూశానంటారేటి ఈళ్ళు?”

మాటల సంగతి ఇలా ఉండగా, ఆ ఫ్లాట్‌లో అందరినీ ఒకచోట కూర్చోబెట్టేది సీరియలు. మనీలాలో రాత్రి భోజనాల వేళకి వచ్చే సీరియలు బనియాస్‌లో సాయంత్రపు టీ వేళకి వస్తుంది. ఆ కాసేపూ జోసెలిన్ పొయ్యి కట్టేస్తుంది. క్రిసెల్ ఫోనులో స్నేహితురాళ్ళందరూ ఒకేసారి ఏడవడానికి సిద్ధంగా ఉంటారు. కథ పెద్ద కష్టమైనదేమీ కాదు. చెరకు తోటల యజమానురాలు ఒకావిడ ఉంటుంది. ఆవిణ్ణి అందరూ డోన్యా అంటారు, అంటే దొరసాని. ఆమె కన్నకూతురు పుట్టిన రోజునే ఆసుపత్రిలో తారుమారై, ఇప్పుడు అదే ఊరి సంతలో చేపలమ్ముతుంటుంది. డోన్యాకి ఆ సంగతి తెలియక, కనపడినప్పుడల్లా ఆ పిల్లని చెంపదెబ్బ కొడుతుంది.

మరియకుమారి మొదట్లో అటు చూసేది కాదు. ఒకరోజు బట్టలు మడతపెట్టుకుంటూ ఆ తారుమారైన ఘట్టం చూసింది. చేతిలో దుప్పటి అలాగే ఆగిపోయింది.

“బిడ్డ చేతికి పేరు పట్టీ కట్టలేదేంటండి ఆ నర్సు?”

“కట్టి ఉంటే కథ లేదు ఆతే,” అంది క్రిసెల్ ముక్కు తుడుచుకుంటూ.

“కథ సంగతి తర్వాతండి. ఆవిణ్ణి సస్పెండ్ చేశారా లేదా?”

చేశారో లేదో తెలుసుకోవడానికి మర్నాడు కూడా కూర్చుంది. ఆ నర్సు మళ్ళీ ఎప్పుడూ కనపడలేదు గాని, మరియకుమారి మాత్రం ఇక ఒక్క సాయంత్రం కూడా తప్పలేదు.

సీరియలు టీవీలోనే ఉండిపోతే గొడవ లేదు. అది బయటికి వచ్చి తిరిగేది. చేపలమ్మే పిల్ల పసుపు రిబ్బను కట్టిన వారం, బనియాస్ కూరగాయల కొట్లలో తిరిగే ఫిలిప్పీన్స్ ఆడవాళ్ళందరి తలల మీదా పసుపు రిబ్బనే. ఆ పిల్ల ఏడుస్తూ ఒక రకం నూడుల్సు తింటే, మర్నాటికి కిరాణా కొట్లో ఆ అర ఖాళీ. అక్కడ వాళ్ళ ఊరు ఇలోయిలోలో జోసెలిన్ మేనకోడలికి కవలలు పుడితే, ఒక బిడ్డకి కథానాయిక పేరు, రెండో బిడ్డకి డోన్యా పేరు పెట్టారు. పెద్దయ్యాక వాళ్ళిద్దరూ ఎలా కలిసి ఉంటారోనని జోసెలిన్ దిగులు. డోన్యా కొట్టిన దెబ్బకి ఆ పిల్ల జుట్టు ముఖమ్మీద పడి ఒక చెంప కప్పేసిన ఎపిసోడ్ తర్వాతయితే, వార్డులో నర్సులందరూ ఒక చెంప మీదికి జుట్టు వదిలేసుకుని డ్యూటీకి వచ్చారు. ఒంటికన్నుతో బీపీ చూస్తున్నారు. నర్సింగ్ మేనేజరు కార్మెలీటా పిన్నులు తెప్పించి తన చేత్తోనే వరసగా అందరికీ పెట్టింది.

కార్మెలీటా మేడమూ ఫిలిప్పీన్సే. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, గంజి పెట్టిన కాలరు, గంజి పెట్టిన మాట. “టీవీ వాడు తట్ట విసిరితే అది కూడా నెత్తిన పెట్టుకుంటారు మావాళ్ళు,” అంది పిన్నులు పెడుతూ.

ఆ వేసవిలో, అంటే కరోనా గొడవ సద్దుమణిగిన తర్వాతి సంవత్సరం, పై వార్డు ఇన్‌ఛార్జి సిస్టరు కెనడా వెళ్ళిపోతున్నట్టు తెలిసింది. మరియకుమారి మనసు ఆవిడ కుర్చీ మీద పడింది. పదవి మీద కాదు, నిజంగానే కుర్చీ మీద. ఆ క్లినిక్‌లో రోగుల ఎదుట నర్సులు కూర్చోకూడదని నియమం. ఇన్‌ఛార్జికి మాత్రం బల్ల ఉంటుంది, బల్ల వెనక కిందకీ పైకీ ఎత్తు మార్చుకుని గుండ్రంగా తిరిగే నల్ల కుర్చీ ఉంటుంది. ఏళ్ళ తరబడి నిలబడి మరియకుమారి పిక్కల్లో నరాలు పొట్లకాయల్లా మెలితిరిగాయి. డ్యూటీ దిగాక కాళ్ళు గోడకి ఎత్తిపెట్టుకుని పడుకుంటేగాని నొప్పి తగ్గదు. ఆ భంగిమలోనే ఆమె సీరియలు చూసేది. డోన్యాని ఎన్నో వారాలు తలకిందులుగానే చూసింది.

మొహమాటం చంపుకుని కార్మెలీటా గదికి వెళ్ళి అడిగింది.

“నీ పని నాకు తెలుసు, సిస్టర్ మరియా,” అంది కార్మెలీటా. “కానీ వార్డంతా మావాళ్ళు. ఇన్‌ఛార్జి అన్నాక చెప్పింది వాళ్ళు వినాలి. నువ్వేమో అందర్నీ బతిమాలతావు. వాళ్ళకి దగ్గరవ్వు. వాళ్ళ భాషలో నాలుగు మాటలు నేర్చుకో. నర్సుల దినోత్సవానికి లేచి మాట్లాడు. అప్పుడు చూస్తాను.”

తగలోగ్ నేర్పమని అడిగితే జోసెలిన్ గరిటె చూపించి తనకి తీరిక లేదంది. క్రిసెల్ టీవీ చూపించింది. మరియకుమారి ఈసారి నిటారుగా కూర్చుని శ్రద్ధగా విన్నది. చేపలమ్మే పిల్ల ఎప్పుడూ ఏడుస్తూ మాట్లాడుతుంది గనక ఒక్క ముక్కా తెలియదు. హీరో గొణుగుతాడు. నౌకర్లు పరిగెడుతూ మాట్లాడతారు. అందరిలోకీ నిదానంగా, విడివిడిగా, ఒక్కో మాటనీ తమలపాకులా మడిచి అందించేది డోన్యా ఒక్కతే. మాట మధ్యలో ఆగుతుంది, ఎడమ కనుబొమ్మ పైకెత్తుతుంది, మెడ నెమ్మదిగా తిప్పుతుంది, అప్పుడు చివరి మాట వదులుతుంది. నేర్చుకునేవాళ్ళకి అంతకన్నా మంచి మేస్టారు దొరకరు. ఆ విధంగా మరియకుమారికి తగలోగ్‌తో పాటు ఎడమ కనుబొమ్మ కూడా వచ్చింది. ఆ సంగతి ఆమెకి తెలియదు.

చిక్కల్లా మర్యాద దగ్గర వచ్చింది.

“డోన్యా నుంచి అన్నీ నేర్చుకో గాని మర్యాద నేర్చుకోకు ఆతే,” అంది క్రిసెల్. “ఆవిడ ఎవరికీ ‘పో’ అనదు. నువ్వు మాత్రం పెద్దవాళ్ళతో ప్రతి మాట చివరా ‘పో’ పెట్టు. సలామత్ అంటే థాంక్స్. మేడంకి చెప్పేటప్పుడు, సలామత్ పో.”

“పో అంటే ఏంటండి?”

“ఏమీ లేదు. మర్యాద, అంతే. అది లేకపోతే మా అమ్మ అన్నం పెట్టేది కాదు.”

“మా భాషలో దానికి అర్థం ఉందండి.”

“ఏమిటి?”

మరియకుమారి తలుపు వైపు చెయ్యి చూపించింది. క్రిసెల్ తలుపు వైపు చూసి, “ఎవరొచ్చారు?” అంది.

మాట తెలిసింది, అర్థమూ తెలిసింది. నాలుకే తిరగలేదు. అద్దం ముందు నిలబడి ప్రయత్నించింది. అద్దంలో మనిషిని పొమ్మనడానికి కూడా మనసొప్పలేదు. మర్నాడు షెడ్డులో టీ తాగుతున్న రత్నబాబు దగ్గరికి వెళ్ళింది.

“సలామత్తంటే క్షేమంగా అని గదా మన సాయిబులంటారు,” అన్నాడు అతను అంతా విని. “క్షేమంగా పో. అంబులెన్సు ఎక్కేవోళ్ళకి బానే ఉంటది. కేకు కోసేటప్పుడే బాగోదు.”

“సాధన చెయ్యాలండి రత్నబాబు గారూ. మీ మీద ఒక్కసారి అని చూస్తానండి.”

“అనక్కా, నేనేమనుకోను.”

“సలామత్...” అని ఆగిపోయింది.

“అను మరి.”

“మీరు టీ తాగుతున్నారండి. మధ్యలో పొమ్మని ఎలా అంటానండి?”

రత్నబాబు గ్లాసు పక్కన పెట్టాడు. “ఇప్పుడు తాగట్లేదు. అనెయ్.”

“నాకోసం టీ కూడా మానేశారు. ఇంకా అనలేనండి.”

అతను ఆ టీని చివరికి చల్లగా తాగాడు.

నర్సుల దినోత్సవం నాటి మధ్యాహ్నం కింద ఓపీలో బల్లలు పక్కకి జరిపి, బెలూన్లు కట్టి, కేకు పెట్టారు. డాక్టర్లు ఒకవైపు, నర్సులు ఒకవైపు, నడుమ కార్మెలీటా మేడం. క్రిసెల్ ఫోను ఎత్తి పట్టుకుంది. మరియకుమారి వంతు వచ్చింది. శుభ మధ్యాహ్నం అనే మాట బాగానే వచ్చింది. అందరికీ వందనాలు అన్నదీ వచ్చింది. ఆఖరి వాక్యం మిగిలింది. కార్మెలీటా వైపు తిరిగి, “సలామత్...” అంది.

అక్కడ ఆగింది. వయసులో పెద్ద మనిషి, మేనేజరు, కుర్చీ ఇచ్చే చెయ్యి. ఎదురుగా నిలబడి పో అనాలి. ఆ భయానికి మెడ నెమ్మదిగా తిరిగింది. ఎడమ కనుబొమ్మ తనంతట తాను లేచింది. పెదవులు ‘పో’ దాకా వచ్చాయి. ఆ అంచు మీద పుట్టినూరు ఆమెని పట్టి వెనక్కి లాగింది.

“...పోండి,” అంది మరియకుమారి, తల వంచి.

 జోసెలిన్ బెలూన్ల మీద కూలబడింది. రెండు మూడు పేలాయి. నర్సులు ఒకరి భుజాలొకరు పట్టుకుని నవ్వారు. నిలువునా డోన్యా, కనుబొమ్మతో సహా డోన్యా, లోకంలో ఎవరికీ పో అనని ఆ డోన్యా, ఆ ‘పో’ని పట్టుకుని ఇంకేదో తోక కట్టి మరీ దణ్ణం పెట్టింది. వాళ్ళకి కనపడింది అది. తన తగలోగ్ వాళ్ళకి అంత సంతోషం కలిగించినందుకు మరియకుమారి కూడా నవ్వింది. కార్మెలీటా మాత్రం నవ్వలేదు. కేకు కత్తి బల్లమీద పెట్టి చేతులు తుడుచుకుంది.

క్రిసెల్ ఆ వీడియో సాయంత్రానికి ఫోనులోంచి నెట్లో పెట్టింది.

మర్నాడు కిరాణా కొట్లో చిల్లర ఇస్తున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి, “సలామత్...” అని కనుబొమ్మ ఎత్తి, “పోండి” అని ఇకిలించింది. మరియకుమారి కంగారుపడి నిజంగానే వెళ్ళిపోయింది, కొత్తిమీర అక్కడే వదిలేసి. ఆ వారంలో బస్సులో విన్నది. చర్చి మెట్ల మీద విన్నది. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో ఒక టీచరు క్లాసు పిల్లలందరి చేతా అనిపించిన వీడియో వచ్చింది. ఎక్కడో ఒక జీపు వెనక పెద్ద అక్షరాలతో రాయించారు. ఆ తర్వాత మనీలాలో మధ్యాహ్నం పూట పాటలూ పందేలూ పెట్టే టీవీ షో వాళ్ళు దాన్ని పట్టుకుని, అందరికన్నా బాగా ఎవరంటారో తేల్చడానికి పోటీ పెట్టారు.

“నీ మాట నీకన్నా ముందు మనీలా ఎళ్ళిపోయిందక్కా,” అన్నాడు రత్నబాబు. “వీసా లేదు, టిక్కెట్టు లేదు.”

తిరిగే కొద్దీ దానికి రంగు మారింది. మొదట మరీ ఎక్కువ మర్యాద చేసేవాళ్ళని వెక్కిరించడానికి అన్నారు. తర్వాత విసిగించే చుట్టాన్ని సాగనంపడానికి అన్నారు. పాత ప్రియుడికి చెప్పారు, ఓట్లకి వచ్చినవాడికి చెప్పారు, తుఫాను తీరం దాటగానే తుఫానుకీ చెప్పారు. తెలుగు ముక్క రాని అన్ని లక్షల మంది నోళ్ళలో పడి, ఎవరూ దారి చూపించకుండానే ఆ మాట తన తెలుగు అర్థానికి తానే నడిచి చేరుకుంది.

ఒక సాయంత్రం సీరియల్లో, చేపలమ్మే పిల్ల గుమ్మంలో నిలబడి ఉండగా డోన్యా ఆగింది, మెడ తిప్పింది, కనుబొమ్మ ఎత్తింది. “సలామత్... పోండి,” అంది. జోసెలిన్ గరిటె జారవిడిచింది. క్రిసెల్ సోఫా ఎక్కి గెంతింది.

మరియకుమారి గోడకి ఎత్తిపెట్టిన కాళ్ళు దించి కూర్చుంది. “నేను ఆవిడ దగ్గర నేర్చుకున్నానండి,” అంది, ఎవరికో సంజాయిషీ చెబుతున్నట్టు. కొంచెం ఆగి, “కనుబొమ్మ ఆవిడే బాగా ఎత్తారండి,” అంది.

ఆ మర్నాడే కార్మెలీటా పిలిపించింది.

“బతంగాస్‌లో మా అమ్మకి ఎనభై దాటాయి,” అంది, కూర్చోమనకుండా. “నిన్న ఇంటికొచ్చిన ఫాదర్‌ని అదే మాటతో సాగనంపింది. ఆయన నవ్వాడట. నాకు నవ్వు రాలేదు. మా పిల్లలు పో అనడమే మానేస్తున్నారు, ఉన్న కాస్తా ఇప్పుడు వేళాకోళమైపోయింది. నువ్వు ఎగతాళి చేశావని నేననను. ఉత్త పో అనడానికి ఏమొచ్చింది నీకు?”

“పెద్దవాళ్ళని పో అంటే మా నాన్న చింతబరికె తీసేవాడండి.”

కార్మెలీటా కాలరు సర్దుకుంది. “అనకపోతే మా నాన్న తీసేవాడు,” అంది.

ఇద్దరూ కాసేపు ఎవరి నాన్నని వాళ్ళు తలుచుకున్నారు.

“అదలా ఉంచు,” అంది కార్మెలీటా. “నువ్వు వార్డులోకి అడుగుపెడితే చాలు, అందరూ నవ్వుతున్నారు. చూడగానే నవ్వొచ్చే మనిషి మాట ఎవరు వింటారు? కాకినాడ పిల్ల ఉంది కదా, శాంతిప్రియ. వచ్చి ఏడాదే అయినా ఆ పిల్లంటే ఎవరికీ నవ్వు రాదు. ఈ నెలాఖరుకి ఆమె పేరే రాయాలనుకుంటున్నాను.”

మరియకుమారి “అలాగేనండి” అని బయటికి వచ్చి, మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకుని ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంది. నెలాఖరు ఎంతో దూరంలో లేదు.

ఆ రోజు నుంచి నవ్వు మాన్పించే పని పెట్టుకుంది. వీడియో తీసెయ్యమని క్రిసెల్‌ని అడిగింది. ఆ పిల్ల బుద్ధిగా తీసేసింది. అప్పటికే దానికి పిల్లలూ మనవలూ పుట్టి దేశమంతా తిరుగుతున్నాయి. మాట్లాడటమే తగ్గించి సైగలతో పని నడిపింది. నర్సులు ఆ సైగలు నేర్చుకున్నారు. నేరమంతా కనుబొమ్మదని తోచి, ఒక ఉదయం దాని మీద అడ్డంగా ఒక ముక్క సర్జికల్ టేపు అంటించుకుని వచ్చింది. అలా అయితే లేవదు కదా. మొటిమ గిల్లుకున్నానని అందరికీ చెప్పింది. మర్నాడు డ్యూటీకి వచ్చేసరికి వార్డులో ప్రతి ఎడమ కనుబొమ్మ మీదా టేపు ముక్క ఉంది. స్టోరు రూములో టేపు నిండుకుందని ఫిర్యాదు వచ్చింది. రోగుల్లో ఒకాయన తనకీ ఒకటి కావాలన్నాడు.

“ఇంక నువ్వేం చేసినా ఫేషనేనక్కా,” అన్నాడు రత్నబాబు. “కుంటితే కుంటుతారు. ఊరికే ఉండు.”

నెలాఖరు వారంలో మనీలా షో వాళ్ళ పోటీకి ఆఖరి రోజు వచ్చింది. అక్కడ మధ్యాహ్నమంటే ఇక్కడ పొద్దున్నే, డాక్టరు రౌండ్సుకి ముందు వేళ. ఇన్‌ఛార్జి సిస్టరు అప్పటికే పెట్టెలు సర్దుకుని సెలవులో ఉంది. ఆమె నల్ల కుర్చీలో క్రిసెల్ సంచీ కూర్చుంది. బల్ల మీద సెలైను సీసాకి ఆనించి ఫోను నిలబెట్టి, నర్సులందరూ దాని చుట్టూ గుమిగూడారు. తెరమీద పోటీదారులు ఒక్కొక్కరే వచ్చి కనుబొమ్మ ఎత్తుతున్నారు.

మరియకుమారి ఆ వేళకి చివరి గదిలో ఉంది. ముసలి అరబ్బాయన చొక్కా మార్పిస్తుండగా పక్క గదుల్లో బెల్లులు మోగడం మొదలుపెట్టాయి. ఎవరో వెళతారనుకుంది. మోగుతూనే ఉన్నాయి. ఆయన గుండీలు పెట్టి బయటికి వచ్చి, దారిలో రెండో గదిలోకి తొంగి చూసింది. సీసా ఖాళీ. గొట్టంలోకి రక్తం వెనక్కి ఎక్కుతోంది. మంచమ్మీద కుర్రాడు దాన్నే చూస్తూ బిక్కచచ్చి ఉన్నాడు. చక్రం తిప్పి గొట్టం బిగించి, వాడి చెయ్యి నిమిరి, నడవాలోకి వచ్చింది. మెట్లెక్కి వచ్చిన కార్మెలీటా బల్ల దగ్గరే నిలబడి ఉంది. “అమ్మాయిలూ,” అంటోంది, “అమ్మాయిలూ.” ఫోనులోంచి వచ్చే కేరింతల్లో ఆ గంజి పెట్టిన మాట ఎవరికీ వినపడటం లేదు.

మరియకుమారి బల్ల దగ్గరికి వచ్చింది. ఆమెకి అప్పుడు కుర్చీ గుర్తులేదు, శాంతిప్రియ గుర్తులేదు, మేడం పక్కనున్న సంగతీ గుర్తులేదు.

“పోండి,” అంది.

మధ్యలో ఆగడం లేదు. మెడ తిప్పడం లేదు. కనుబొమ్మ దాని చోట అది ఉంది.

“రెండులో సెలైను అయిపోయి రక్తం వెనక్కొస్తుంటే ఇక్కడేం చూస్తున్నారండి? నాలుగులో పెద్దాయన్ని బాత్రూముకి తీసుకెళ్ళాలి, బెల్లు కొట్టి కొట్టి ఊరుకున్నాడు. ఆరులో డ్రెస్సింగు ఎవరిదండి? డాక్టరు గారు వచ్చే వేళైంది. పోండి, పోండి.”

అంతా తెలుగే. వేళ్ళతో గది నంబర్లు చూపించింది, అంతే. అక్కడున్న వాళ్ళెవరికీ తెలుగు రాదు; వచ్చిన ఒక్క శాంతిప్రియదీ ఆ వారం రాత్రి డ్యూటీ. అయినా జోసెలిన్ ముందు కదిలింది, ఆమె వెనక మిగిలినవాళ్ళు. క్రిసెల్ ఫోను తీసుకోవడం మరచిపోయి ఆరో గదికి పరిగెత్తింది. ఎవరూ నవ్వలేదు. కొందరు పోతూ పోతూ కనుబొమ్మల మీది టేపులు పీకేసుకున్నారు. ఒక్కొక్కటే బెల్లులు ఆగాయి. బల్ల మీద ఫోను మాత్రం మిగిలింది. అందులో వేలమంది జనం ఖాళీ నడవాలోకి “పోండి” అని ముక్తకంఠంతో అరుస్తున్నారు.

కార్మెలీటా చెయ్యి చాచి దాని నోరు నొక్కేసింది.

“ఇప్పుడన్నది ఏ భాష?”

మరియకుమారికి అప్పటికి ఒళ్ళు తెలిసింది. “తెలుగండి. క్షమించండి.”

“ఆ రోజు నాతో అన్నది?”

“ఏమోనండి. నేనైతే మీ భాషే అనుకున్నానండి.”

కార్మెలీటా నడవాలోకి చూసింది. నాలుగో గదిలోంచి పెద్దాయన జోసెలిన్ భుజం పట్టుకుని అడుగులో అడుగు వేస్తూ వస్తున్నాడు. రెండో గదిలో కొత్త సీసా వేలాడుతోంది. డాక్టరు ఇంకా రాలేదు. ఆమె వంగి, నల్ల కుర్చీలోంచి క్రిసెల్ సంచీ తీసి బల్ల కింద పెట్టింది. కుర్చీని మరియకుమారి వైపు తిప్పింది.

“నీ పేరే రాస్తాను. కూర్చో.”

మరియకుమారి కుర్చీని చూసింది. దగ్గర నుంచి చూస్తే చేతుల మీద తోలు కాస్త చిరిగి ఉంది. అయినా ఎంత మెత్తగా ఉందో కంటికే తెలుస్తోంది. పిక్కలు రెండూ ఒకేసారి లాగాయి. కదల్లేదు.

“కూర్చోమన్నాను కదా.”

“మీరు నిలబడి ఉంటే నేనెలా కూర్చుంటానండి?”

కార్మెలీటా చుట్టూ చూసింది. రెండో కుర్చీ లేదు. ఆ నియమం తను పెట్టిందే. “అయితే నన్ను వెళ్ళమను,” అంది. పెదవి ఒక పక్క కొంచెం వంగింది. “ఇందాక అంతమందిని అన్నావు. మాట వచ్చింది కదా. అను.”

“వాళ్ళు వేరండి.”

“ఒక్క మాట.”

“మిమ్మల్ని అనలేనండి,” అంది మరియకుమారి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికో, కుర్చీకో ఆమెకే తెలియదు.

కార్మెలీటా ఇంకొంచెంసేపు ఎదురుచూసింది. తర్వాత మెడ నెమ్మదిగా తిప్పింది, ఎడమ కనుబొమ్మ అంత బాగా ఎత్తగలదని ఆ క్లినిక్‌లో ఎవరూ అనుకోని విధంగా ఎత్తింది, ఏమీ అనకుండా మెట్ల వైపు నడిచింది. ఆమె మడమల చప్పుడు ఒక్కో మెట్టూ దిగింది, కింది అంతస్తు చేరింది, తలుపు దాటింది. అది పూర్తిగా వినపడకుండా పోయేదాకా ఆగి, అప్పుడు మరియకుమారి కూర్చుంది.